పచ్చ పట్టీ

వదిన గది తలుపు ఈ పొద్దున కూడా తెరుచుకోలేదు.

తలుపు పక్కన స్టూలు మీద నిన్న పెట్టిన పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి. పక్కనే మాత్రలు. కడుపు కోసి కుట్లు వేసిన మనిషి మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో డాక్టరమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసి ఏం లాభం? తలుపు తట్టడానికి ఆవిడకి చెయ్యి రావడం లేదు.

"తట్టు," అన్నాడు భర్త వెనకనుంచి. "తట్టి, పొరపాటైపోయిందని ఒక్క మాట చెప్పు. మా అక్కేమైనా పులా, మింగేస్తుందా?"

"మీరే తట్టండి."

"నేనెందుకు తట్టాలి? పచ్చ పట్టీ కట్టడం మర్చిపోయింది నేనా?"

లాయరుగారికి ఇల్లూ కోర్టూ ఒకటే. ఒక పాయింటు దొరికిందంటే ఎదుటివాళ్ళు చేతులెత్తేసేదాకా వదలడు. నిన్న కూతురు ఏడుస్తూ సంగతంతా బయటపెట్టినప్పటి నుంచీ ఆయన పట్టుకున్న పాయింటు ఇదొక్కటే. పట్టీ ఎందుకు కట్టలేదు?

ఆ పట్టీ సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. డాక్టరమ్మ పాఠాలు చెప్పే ఆ పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళకి ఆపరేషన్ చేసేముందు మత్తిస్తారు. మత్తు ఎక్కాక, డాక్టరు కత్తి పట్టుకునేలోపు, వైద్య విద్యార్థులు వరసగా వచ్చి, తొడుగులు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు ఆ రోగి లోపలి భాగాల్ని చేత్తో పరీక్ష చేసి నేర్చుకుంటారు. ఆవిడకి ముందు చెప్పరు. తర్వాతా చెప్పరు. ఏళ్ళ తరబడి అలాగే సాగుతోంది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ అక్కలకీ, అమ్మలకీ, భార్యలకీ మాత్రం మినహాయింపు. వాళ్ళ ట్రాలీ కొసకి వేలెడంత పచ్చగుడ్డ కడతారు. అది కనబడితే పిల్లలు కిక్కురుమనకుండా వెనక్కి తగ్గిపోతారు.

వదిన ట్రాలీకి ఆ గుడ్డ కట్టించాల్సింది డాక్టరమ్మే. అయినవాళ్ళకి తాను కత్తి పట్టకూడదని ఆపరేషన్ ఇంకొకరికి అప్పజెప్పింది. తాను థియేటర్లోకి ఒకసారి వెళ్ళి, గుడ్డ కట్టించి వద్దామనుకుంది. ఆ పొద్దున కొత్త సిలబస్ కమిటీలో ఏ సబ్జెక్టుకి ఎన్ని గంటలన్న పేచీ వచ్చింది. ఆ కమిటీకి పెద్ద ఆవిడే. పేచీ తీర్చేసరికి గుడ్డ సంగతి తుడిచిపెట్టుకుపోయింది.

వరస కట్టిన పిల్లల్లో ఆవిడ కూతురు కూడా ఉంది. మధ్యలో తెర కట్టి ఉండటంతో రోగి ముఖం కనబడలేదు. తన వంతు అయిపోయి, తొడుగులు తీసేస్తూ తల తిప్పితే, దుప్పటి తొలగిన చోట మడమ మీద కాలిన మచ్చ కనబడింది. చిన్నప్పుడు తనకి స్నానం చేయిస్తూ వేన్నీళ్ళు ఒలికి కాలిన మచ్చ. అత్త మచ్చ.

"నాన్నా, మీరు పట్టీ గొడవ వదిలేస్తారా?" బల్ల దగ్గర కూర్చున్న కూతురు అంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. జడ వేసుకోలేదు. "పట్టీ కాదు అసలు సంగతి."

"మరేమిటే అసలు సంగతి?"

"తెలిసి కూడా అడుగుతారేం?"

"నాకు తెలిసింది చెప్తా విను. నువ్వు నోరు మూసుకునుంటే మీ అత్తకి ఏమీ తెలిసేది కాదు. హాయిగా తిని తిరిగేది. చెప్పి ఏం ఒరగబెట్టావ్? ఇప్పుడీ సంగతి బయటికి పొక్కిందా, మీ అమ్మ ఉద్యోగానికి ఎసరు. నీ చదువుకీ ఎసరే. ఆ మాట గుర్తుపెట్టుకో."

"ఆవిడ నా చేత్తో మందు వేయించుకుంటోంది నాన్నా. 'నా తల్లీ, నీ చెయ్యి మెత్తన' అంటోంది. ఎలా మింగను? ఎన్నాళ్ళు మింగను?"

లాయరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాలేజీకి పోవా ఇవాళ?" డాక్టరమ్మ మెల్లగా అడిగింది.

"ఏ మొహం పెట్టుకుని పోను? నువ్వు పోతావా?"

కూతురు ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. అదే డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. నిన్న కూతురు చెబుతున్నప్పుడు తన మనసులో మొదట మెదిలిన మాట ఏమిటో ఆవిడకి గుర్తుంది. 'అయ్యో, వదినకా' అని కాదు. 'అయ్యో, గుడ్డ కట్టలేదే' అని. మొగుణ్ణి ఏమనడానికి ఆవిడకి నోరెక్కడిది? ఇద్దరిదీ ఒకటే బుద్ధి. కాకపోతే ఆయన పైకి అంటున్నాడు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

* * *

"నువ్వొక్కదానివే రా," అంది వదిన తలుపు సందులోంచి. "తమ్ముణ్ణి కోర్టుకి పొమ్మను. వాడి అరుపులకి నా కుట్లు ఊడేట్టున్నాయి."

లోపలికి వెళ్ళేసరికి మంచం మీద సంచి సర్ది ఉంది. వదిన తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కిటికీ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చుంది. పాతికేళ్ళకి పైగా బడి నడిపిన మనిషి. రిటైరై చాలా కాలమైనా ఎదుటివాళ్ళని నిలబెట్టి మాట్లాడే అలవాటు పోలేదు. డాక్టరమ్మ నిలబడే ఉంది.

"వదినా, మాత్రలు..."

"వేసుకున్నా. నా దగ్గర వేరే ఉన్నాయి. నీ మీద అలిగి నా ఒళ్ళు పాడుచేసుకుంటానా? అంత తెలివితక్కువదాన్నా?"

"అది కాదు వదినా. నాది తప్పే. ఆ రోజు మీటింగులో పడి..."

"ఆగు." వదిన చెయ్యెత్తింది. "ఒళ్ళు జలదరించడం లేదని అనను. నిన్నటి నుంచీ కళ్ళు మూసుకుంటే చాలు, జలదరిస్తూనే ఉంది. ఎన్ని చేతులో, ఎవరి చేతులో. అందులో నేను ఎత్తుకుని పెంచిన మన బుల్లిది ఒకటి. దాని ముందు ఎలా తలెత్తాలో నాకు తెలీడం లేదు, నా ముందు ఎలా తలెత్తాలో దానికి తెలీడం లేదు. అది మేమిద్దరం ఏడ్చి తేల్చుకుంటాం. నిన్ను పిలిచింది అందుకు కాదు. ఒకటడుగుతా, చెప్పు. నువ్వు ఆ పచ్చగుడ్డ కట్టి ఉంటే ఏమయ్యేది?"

"మిమ్మల్ని ముట్టుకునేవాళ్ళు కాదు."

"ముట్టుకోకుండా? పుస్తకాలు సర్దుకుని ఇళ్ళకి పోయేవాళ్ళా?"

"పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు."

"ఆ పూట పక్క టేబుల్ మీద ఎవరున్నారు?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు.

"చెప్పమ్మా. నాకు తెలుసులే, నీ నోట వినాలని."

"కండక్టరమ్మ. వార్డులో మీ పక్క మంచం ఆవిడ."

"ఆవిడకీ చేశారు కదూ? నాకంటే ముందే?"

"చేశారు."

వదిన కిటికీ వైపు తిరిగింది. బయట వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"నన్ను వార్డులో మొదటిసారి లేపి నడిపించింది ఎవరనుకున్నావ్?" అంది చివరికి. "మీ నర్సు కాదు. ఆ కండక్టరమ్మ. ఒక చేత్తో తన పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అంటూ బాత్రూం దాకా తీసుకెళ్ళింది. నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వించకు తల్లీ అని దండం పెట్టాను. నువ్వు రౌండ్సుకొచ్చి నా మంచం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేదానివి. ఆవిడ మంచం దగ్గర మాత్రం నిలబడే ఉండి, చీటీ చూసి, పేరైనా అడక్కుండా పోయేదానివి. అదేం గొప్ప సంగతి కాదులే అనుకున్నా. నాకూ గర్వంగానే ఉండేది, ఉన్నమాట చెప్తున్నా. నా మరదలు పెద్ద డాక్టరు కదా అని."

"వదినా..."

"ఇవాళ మీ కమిటీలో ఈ సంగతే కదూ వచ్చేది? బుల్లి చెప్పింది. రోగిని ముందు అడగాలని ఎవరో రాశారట, నువ్వు వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నావట."

"వద్దని కాదు. అడిగితే ఒక్కరూ ఒప్పుకోరని భయం. పిల్లలు నేర్చుకోకపోతే రేపు ఎవరికి నష్టం?"

"అదంతా మీ కమిటీలో చెప్పుకో. నాకు కావలసింది వేరే. కండక్టరమ్మకి నువ్వు చెప్పాలి. జరిగింది జరిగినట్టు. నువ్వే వెళ్ళి."

డాక్టరమ్మ అక్కడే మంచం పట్టె మీద కూలబడింది. "ఆవిడకి తెలీదు కదా వదినా. తెలియనప్పుడు బాధే లేదు. కుట్ల దగ్గర చీము పట్టి ఇంకా వార్డులోనే ఉంది పాపం. ఇప్పుడు పనిగట్టుకుని వెళ్ళి..."

"నాకూ మొన్నటిదాకా తెలీదు. బాధ లేకుండానే ఉన్నా. మీ ఆయన అన్నట్టు నన్నూ అలాగే ఉంచేయాల్సిందంటావా?"

ఆవిడ కళ్ళలోకి చూడలేక డాక్టరమ్మ నేల చూసింది. తాను పైచదువులు చదివేటప్పుడు ఈ ఇంటి వంటా, పిల్లా, జ్వరాలూ అన్నీ ఈవిడ చేతుల మీదే నడిచాయి. ఒక్కనాడు ఎత్తిపొడవలేదు. ఇప్పుడూ ఎత్తిపొడవడం లేదు. అందుకే భరించడం కష్టంగా ఉంది.

"ఇవాళ చెప్పకపోతే?" అడిగింది, చిన్నపిల్లలా.

"సాయంత్రం నా స్నేహితురాలింటికి పోతా. నిన్ను బెదిరించడం కాదమ్మాయ్. నీ చేతి అన్నం గొంతు దిగడం లేదు. అంతే."

* * *

కాలేజీలో మీటింగు గది తలుపు తీయగానే అందరూ ఒక్కసారి మాటలాపేశారు. ఆ ఆపడంలోనే తెలిసిపోయింది, సంగతి ఇక్కడిదాకా వచ్చేసిందని. నిన్న కూతురు స్నేహితురాలితో ఫోన్లో ఏడవడం ఆవిడ విన్నది. ఏడుపుకి కాళ్ళొస్తే ఆసుపత్రి చుట్టి రావడానికి ఎంతసేపు?

ప్రిన్సిపాల్ లేచి మరీ కుర్చీ జరిపాడు. ఎన్నడూ లేదు. సర్జరీ పెద్దాయన, గంటల దగ్గర ఆవిడతో పోట్లాడే మనిషి, తన కప్పు టీ ఆవిడ ముందుకి తోశాడు. వాళ్ళ జాలి చూస్తుంటే డాక్టరమ్మకి ఆ బల్ల కిందికి దూరిపోవాలనిపించింది.

చర్చకొచ్చిన వాక్యం చిన్నదే. మానసిక వైద్యం చెప్పే కుర్ర లెక్చరరమ్మ రాసింది. మత్తులో ఉండగా విద్యార్థులు పరీక్ష చేయాలంటే, మెలకువలో ఉన్నప్పుడే రోగిని అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. కొత్త సిలబస్‌లో ఇది మొదటి ఏడాదే పాఠంగా చెప్పాలి.

"చదవడానికి బాగుంది," అన్నాడు సర్జరీ పెద్దాయన. "ఆచరణలో చూడండి. రేపు ఆపరేషన్ పెట్టుకుని భయంతో బిక్కచచ్చి ఉన్న మనిషి దగ్గరికెళ్ళి, 'అమ్మా, మా పిల్లలు పదిమంది చూస్తారు' అంటే ఏమంటుంది? నీకో దండం, నీ ఆసుపత్రికో దండం అంటుంది. మనం ఎలా నేర్చుకున్నాం? ఇలాగే కదా. ఎవరికేం నష్టమైంది?"

"నష్టమైందో లేదో మనం ఎవర్నీ అడగలేదు సార్," అంది లెక్చరరమ్మ.

"నీ వయసులో నేనూ ఇలాగే మాట్లాడేవాణ్ణమ్మా."

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "మేడం ఇంట్లో జరిగింది మనందరికీ బాధే. దాని గురించి ఎక్కువ మాట్లాడి ఆవిణ్ణి నొప్పించడం నాకిష్టం లేదు. నేనేమంటానంటే, అసలు తప్పెక్కడ జరిగింది? పచ్చ పట్టీ అనేది నోటిమాటగా ఉండిపోవడం వల్ల జరిగింది. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని కట్టాలి. మర్చిపోతే ఇంతే సంగతులు. కాబట్టి దాన్ని రాతలో పెడదాం. సిబ్బంది కుటుంబాలకి పట్టీ కట్టడం థియేటర్ నర్సు బాధ్యత. కట్టకపోతే చర్య. అప్పుడు ఏ ఇంట్లోనూ ఇలాంటిది జరగదు."

"బ్రహ్మాండం," అన్నాడు సర్జరీ పెద్దాయన. బల్ల చుట్టూ తలలూగాయి.

"మరి మిగతావాళ్ళు?" అంది లెక్చరరమ్మ. ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "మేడం, మీరు చెప్పండి."

చెప్పాలి. చెప్పాల్సిన మాటలన్నీ పొద్దున వదిన నోట విని వచ్చింది. పక్క టేబుల్ మీద ఎవరున్నారు అని అడిగితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ప్రిన్సిపాల్ అంత మర్యాదగా చూస్తున్నాడు. టీ ఇంకా వేడిగా ఉంది. వీళ్ళంతా కలిసి తన తప్పుని నోటిమాట తప్పుగా, నర్సు తప్పుగా మార్చేసి, ఆవిణ్ణి చల్లగా ఒడ్డున పడేస్తున్నారు. లోపలెక్కడో ప్రాణం తెరిపిన పడింది. అలా పడినందుకు ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"భోజనాలయ్యాక తేలుద్దాం," అంది.

లెక్చరరమ్మ కాగితాలు సర్దుకుంటూ ఆవిడ వైపు మళ్ళీ చూడలేదు.

* * *

భోజనానికి వెళ్ళకుండా డాక్టరమ్మ వార్డుకి వెళ్ళింది. అక్కడ మాట్లాడలేనిది ఇక్కడైనా మాట్లాడాలని. మెట్లెక్కుతుంటే, కండక్టరమ్మ నిద్రపోతూ ఉంటే బాగుణ్ణని మొక్కుకున్నంత పని చేసింది. నిద్రపోవడం లేదు. మూడు దిళ్ళకి ఆనుకుని కూర్చుని, అవతలి మంచం మీది పిల్లకి ఏదో కథ చెబుతోంది.

"రండి రండి డాక్టరమ్మా, సీటు ఖాళీయే," అంది గొంతెత్తి. బస్సులో గావుకేకలు పెట్టి పెట్టి ఆ గొంతుకి మెల్లగా మాట్లాడటం రాదు. "ఇంతకీ నా స్టాపు ఎప్పుడొస్తుంది? ఎక్కించుకున్నారే గాని దింపడం లేదు."

"చీము తగ్గాక పంపేస్తాం." డాక్టరమ్మ మంచం చుట్టూ తెర లాగింది. స్టూలు జరుపుకుని కూర్చుంది. "మీతో ఒక మాట చెప్పాలి."

"ఏంటమ్మా, ఇవాళ మీరు గీరు అంటున్నారు? కూర్చున్నారు కూడా. కొంపదీసి నాకేమైనా పెద్ద రోగమా?"

"రోగం కాదు. మీకు అంతా బాగానే ఉంది."

"మరి మీ మొహం అలా ఉందేం? బస్సులో పర్సు పోగొట్టుకున్న మొహంలా ఉంది."

డాక్టరమ్మ చెప్పింది. ఎలా మొదలుపెట్టిందో ఆవిడకే తెలియదు. మత్తిచ్చాక ఏం చేశారో, ఎవరు చేశారో, ఎందుకు చేశారో, ముందు చెప్పకపోవడం తమ తప్పనీ చెప్పింది. మధ్యలో రెండుసార్లు పెద్దపెద్ద వైద్యం మాటల చాటుకి పోబోయి, తనే తప్పుకుని మామూలు మాటల్లో చెప్పింది. చెబుతున్నంతసేపూ దుప్పటి అంచునే చూసింది. ఆ అంచు మెల్లగా పైకి జరిగింది. కండక్టరమ్మ దుప్పటిని మెడదాకా లాక్కుంది.

తెర అవతల చెంచా కింద పడిన చప్పుడైంది. ఎవరో తీశారు.

"నా ముఖం కప్పారా?" అంది కండక్టరమ్మ. ఆ గొంతు ఇంత చిన్నగా కూడా ఉండగలదని డాక్టరమ్మ అనుకోలేదు.

"మధ్యలో తెర ఉంటుంది. ముఖం ఎవరికీ కనబడదు."

"హమ్మయ్య."

తిట్టినా బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. తాము చేసిన పనికి ఆవిడ సిగ్గుపడుతోంది. ముఖం కనబడనందుకు ఊపిరి పీల్చుకుంటోంది.

"మాయాయనకి చెప్పకండి," అంది కండక్టరమ్మ. "మంచోడే. కానీ చెప్పకండి."

"చెప్పను."

"నన్నడిగితే ఒప్పుకునేదాన్నే తెలుసా? ఆడపిల్లలొచ్చి, 'అమ్మా, నేర్చుకోవాలి' అంటే కాదంటానా? నేనూ కొత్తలో ఎవరో ఓపిక పట్టబట్టే పని నేర్చుకున్నా. సిగ్గేస్తుంది, వేయకేం. అయినా ఊఁ అనేదాన్ని. అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకోరనుకున్నాం."

"అడక్కుండానే అనుకున్నారా?"

డాక్టరమ్మ చేతులు జోడిద్దామనుకుంది. అదీ నాటకంలా ఉంటుందనిపించి, జోడించబోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు," అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది. ఈ రెండ్రోజుల్లో ఆవిడ తన గురించి ఆడిన మొదటి నిజం అదే.

కండక్టరమ్మ గోడవైపు తిరిగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చటుక్కున తల తిప్పింది.

"ఆ పిల్లల్లో మా హాఫ్ టికెట్ కూడా ఉందా?"

"ఎవరు?"

"పొట్టిగా, సన్నగా ఉంటుందే. రోజూ నాకు కట్టు మారుస్తుంది. పేరు పలకడం రాక హాఫ్ టికెట్ అని పిలుస్తున్నా. రెండ్రోజులయింది కనబడి. పక్క మంచం టీచరమ్మగారు ఇంటికెళ్ళిపోయాక కూడా నా కోసం వచ్చి, పక్కన కూర్చుని నా సోదంతా వినేది. అమ్మ గుర్తొచ్చిందని ఏడిస్తే నా తల నిమిరింది." ఆవిడ కళ్ళు డాక్టరమ్మ మొహాన్ని గుచ్చి గుచ్చి వెతుకుతున్నాయి. "మిగతావాళ్ళెవరైతే నాకేంటి. ఎవరో తెలీదు, తెలుసుకోను కూడా. ఆ పిల్ల ఉందో లేదో ఒక్కటి చెప్పండి."

ఉంది. వరసలో మూడోదో నాలుగోదో. ముందు ఈ మంచం మనిషి దగ్గరికి వచ్చి, ఆ తర్వాత అత్త దగ్గరికి వెళ్ళింది. 'ఉంది, అది నా కూతురే' అంటే అయిపోతుంది. పొద్దుటి నుంచి ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే.

"లేదు," అంది డాక్టరమ్మ.

"నిజంగా?"

"ఆ రోజు ఆ అమ్మాయి రాలేదు."

కండక్టరమ్మ భుజాలు దిగాయి. మెడ దగ్గర బిగించి పట్టుకున్న దుప్పటిని వదిలింది. ఇందాకటి నుంచి ఆపుకున్న కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి, జలజలా.

"నాకు తెలుసు. ఆ పిల్ల అలాంటిది కాదు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "అయితే ఒక పని చెయ్యండి డాక్టరమ్మా. ఇకమీదట నా కట్టు ఆ పిల్ల చేతే మార్పించండి. ఇంకెవర్నీ నన్ను ముట్టుకోనివ్వను. మిమ్మల్ని కూడా."

"అలాగే," అంది డాక్టరమ్మ.

ఇంకేమనాలో తోచక లేచింది. తెర సందులోంచి బయటికొచ్చి, మంచాల మధ్యనుంచి తలొంచుకుని నడిచి, వార్డు గుమ్మం దాటింది. గోడకి ఆనుకుని ఒక్క క్షణం నిలబడదామనుకుంది.

మెట్ల మీదనుంచి కూతురు పరుగులాంటి నడకతో వస్తోంది. తెల్లకోటు వేసుకుంది. జడ గట్టిగా బిగించి వేసుకుంది. అత్త వేసి పంపినట్టుంది.

"చెప్పావా అమ్మా?"

"చెప్పాను."

"ఆవిడకి జరిగిందంతా?"

"అంతా చెప్పాను. మీటింగు తర్వాత చూసుకోవచ్చు. పద, ఇంటికి పోదాం."

"నేనూ ఉన్నానని చెప్పావా?"

డాక్టరమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. కూతురు ఆ చేతిని చూసింది, తల్లి మొహం చూసింది. అడగాల్సిందేమీ మిగల్లేదు.

"తప్పుకో అమ్మా. నేను చెప్తాను."

"వద్దే. ఇవాళ వద్దు. పాపం ఆవిడ..."

"ఎవరూ, హాఫ్ టికెట్టా?" లోపలినుంచి కండక్టరమ్మ గొంతు, మళ్ళీ ఎప్పట్లా బస్సంతా వినబడేట్టు. "నీ గొంతే! రా తల్లీ, లోపలికి రా!"

కూతురు ఒక అడుగు ముందుకి వేసింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ తల్లి తప్పుకోలేదు.